మడి అడిగితేనే నీరు

ఈ పూట విత్తనాల సంగతి గాని, ఎరువుల సంగతి గాని చెప్పబోవడం లేదు. అరచేతిలో ఇమిడే ఒక చిన్న బోర్డును గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. దాని పేరు ఆర్డువినో ఊనో. చదువుకునే పిల్లలున్న ఇండ్లలో కొందరికి ఈ పేరు ఇదివరకే తెలిసి వుంటుంది. దీపాలు మిణుకుమనిపించడానికీ, బొమ్మకారు నడపడానికీ పిల్లలు దీనిని సరదాగా వాడుతూ వుంటారు. ఆ సరదాను మన పెరటిలోని మిరప నారుమడి దాకా తీసుకు రావచ్చును. మడిలో తేమ ఎంత వున్నదో చూసి, అవసరమైనప్పుడే నీరు వదిలి, చాలినంత కాగానే ఆపే పనిని ఈ బోర్డు చేయగలదు. అయితే మనం సరిగా చెబితేనే చేయగలదు. ఈ ప్రసంగమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది.

“తనంతట తాను నడిచే మోటారు మాకు కొత్త కాదు గదా, ఆటో స్టార్టరు చూడలేదా” అని మీలో కొందరనవచ్చు. నిజమే. కరెంటు ఎప్పుడు వస్తుందో తెలియని రోజుల్లో, అర్ధరాత్రి పాములకు భయపడుతూ బావి దగ్గరకు పోలేక, రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు నడిచేది. పైరుకు నీరు కావలెనా, వద్దా అని అడిగేవాడు లేడు. బోరులో నీరు వున్నంతవరకు పోసేది. అందుకే తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వబోయే ముందు, 2017లో, ఆటో స్టార్టర్లు తీసివేయవలసిందిగా ప్రభుత్వం రైతులను కోరింది. ఆటో స్టార్టరుకు తెలిసింది కరెంటు ఒక్కటే. మట్టి సంగతి దానికి తెలియదు. నేను చెప్పబోయే బోర్డు ముందు మట్టిని అడుగుతుంది. తేడా అంతా ఇక్కడే వున్నది.

ముందుగా ఈ బోర్డు పుట్టు పూర్వోత్తరాలు రెండు మాటల్లో చెబుతాను. 2005లో ఇటలీ దేశంలోని ఇవ్రేయా అనే ఊరిలో, ఎలక్ట్రానిక్స్ చదవని విద్యార్థులు కూడా సులభంగా వాడుకోవడానికని ఆర్డువినో బోర్డులను తయారు చేయడం మొదలుపెట్టారు. ఊనో అనే రకం 2010లో వచ్చింది. ఇటలీ భాషలో ఊనో అంటే ఒకటి అని అర్థం. దీని నమూనా రహస్యం కాదు. ఎవరైనా చూసి తయారు చేసుకోవచ్చును. అందువల్లనే ఇదే కొలతతో, ఇదే తీరున పనిచేసే బోర్డులు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నవి. ఇంజనీర్ల కోసం కాక, కొత్తగా నేర్చుకునేవారి కోసం పుట్టిన వస్తువు కనుక, డిప్లొమా చదివిన నా వంటివాడికీ, ఇంటర్మీడియెట్ చదివే మీ పిల్లలకూ ఇది లొంగుతుంది.

బోర్డు మీద నల్లగా కనబడే ముక్క పేరు ఏటీమెగా 328పి. దీనినే మైక్రో కంట్రోలర్ అంటారు. ఉత్తరువులను జ్ఞాపకం పెట్టుకుని ఒక్కొక్కటిగా నడిపేది ఇదే. బోర్డు రెండు అంచుల వెంబడి చిన్న చిన్న రంధ్రాలు వుంటవి. వీటిని పిన్నులంటారు. 0 నుండి 13 వరకు అంకెలు వేసిన 14 పిన్నులకు తెలిసినవి రెండే మాటలు. ఒకటి వున్నది, రెండు లేదు. ఏ0 నుండి ఏ5 వరకు గల 6 పిన్నులు మాత్రం ఎంత వున్నదో కొలిచి చెప్పగలవు. 5 వోల్టులను 1024 మెట్లుగా విభజించి, వచ్చిన వోల్టేజి ఏ మెట్టు మీద వున్నదో 0 నుండి 1023 లోపల ఒక అంకెగా చెబుతవి. మనకు మడిలోని తేమ ఎంతో తెలియాలి గనుక, తేమ కొలిచే పుల్లను ఏ0 పిన్నుకు కలుపుతాము.

ఇక కావలసిన సామాను. ఊనో బోర్డు ఒకటి, దానికి తగిన యు.ఎస్.బి. తీగ ఒకటి, తేమ కొలిచే సెన్సరు ఒకటి, 5 వోల్టుల రిలే ఒకటి, పది పన్నెండు జంపర్ తీగలు, తీగలు గుచ్చుకునే బ్రెడ్‌బోర్డు ఒకటి. నీరు తోడడానికి 12 వోల్టుల చిన్న డి.సి. పంపు, దానికి బ్యాటరీ. పాతబడిన బ్యాటరీ స్ప్రేయరు ఇంట్లో వుంటే, అందులోని పంపు, బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులవే వుంటవి. అవే పనికి వస్తవి. ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ స్ప్రేయరుతో ఎన్నడైనా కలుపు మందు కొట్టి వుంటే, ఆ పంపును నారుమడికి వాడవద్దు. ఎంత కడిగినా లోపల మిగిలిన కొద్దిపాటి మందు లేత నారును మాడ్చివేయగలదు.

సెన్సరు కొనేటప్పుడు రెండు రకాలు చూపుతారు. రెండు లోహపు కాళ్ళు పైకి కనబడే రకం ఒకటి. ఇది చౌక. కాని దాని కాళ్ళ గుండా కరెంటు మట్టిలోకి పోతుంది గనుక, కొన్నాళ్ళకే లోహం తినివేయబడి అంకెలు తప్పుతవి. రెండవది కెపాసిటివ్ రకం. చదునైన పలక వలె వుంటుంది. లోహం మట్టికి తగలదు. మడిలో చాలాకాలం వుండవలసిన పనికి ఈ రెండవదే తీసుకోండి. దాని పై భాగంలో ఒక గీత వుంటుంది. ఆ గీత వరకే మట్టిలో దించవలెను. గీతకు పైన వున్న చిన్న భాగాలకు నీరు తగలరాదు. పలక అంచుల నుండి తేమ లోనికి ఇంకకుండా వార్నిష్ గాని, గోళ్ళ రంగు గాని రెండు పూతలు పూస్తే ఎక్కువ కాలం మన్నుతుంది.

రిలే అంటే ఏమిటో కూడా చెప్పాలి. బోర్డులోని పిన్ను ఒక్కొక్కటి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటును మాత్రమే క్షేమంగా ఇవ్వగలదు. చిన్న దీపానికి అది చాలును. పంపుకు చాలదు. పంపును నేరుగా పిన్నుకు కలిపితే బోర్డు కాలిపోతుంది. అందుకే మధ్య రిలే పెడతాము. కాలువకు తూము ఎట్లాగో పంపుకు రిలే అట్లాగు. తూము తలుపు ఎత్తే మనిషి నీటి బరువు మోయడు. తలుపు ఎత్తుతాడు, నీరు తన దారిన తాను పోతుంది. బోర్డు కూడా రిలే తలుపును ఎత్తుతుంది, దించుతుంది. అంతే.

ఇక తీగలు కలిపే పద్ధతి. కలిపేటప్పుడు యు.ఎస్.బి. తీగను గాని, బ్యాటరీని గాని తగిలించి వుంచరాదు. సెన్సరుకు మూడు తీగలు. వి.సి.సి. అని వున్నదానిని బోర్డు మీద 5 వోల్టుల పిన్నుకు, జి.ఎన్.డి. అని వున్నదానిని బోర్డు జి.ఎన్.డి.కి, మూడవ తీగను ఏ0కు కలపండి. రిలేకు కూడా ఒక పక్క మూడే. వి.సి.సి. 5 వోల్టులకు, జి.ఎన్.డి. జి.ఎన్.డి.కి, ఇన్ అని వున్నదానిని 7వ పిన్నుకు. బోర్డు మీద 5 వోల్టుల పిన్ను ఒక్కటే వుంటే, దాని నుండి ఒక తీగ బ్రెడ్‌బోర్డు అంచున పొడవుగా వున్న వరుసకు తెచ్చి, అక్కడి నుండి రెండింటికీ పంచుకోండి. 0, 1 పిన్నుల జోలికి పోకండి. బోర్డు కంప్యూటరుతో మాట్లాడేది ఆ రెండింటి ద్వారానే.

రిలే రెండవ పక్క మూడు మరలుంటవి. కామ్, ఎన్.ఓ., ఎన్.సి. అని రాసి వుంటుంది. బ్యాటరీ ప్లస్ తీగను 5 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా కామ్‌కు బిగించండి. ఎన్.ఓ. నుండి పంపు ప్లస్‌కు. పంపు మైనస్ నుండి నేరుగా బ్యాటరీ మైనస్‌కు. బ్యాటరీ తీగ ఒక్కటి కూడా బోర్డును తాకరాదు. ఎన్.ఓ.నే ఎందుకు వాడాలో తెలుసుకోండి. రిలేకు ఉత్తరువు లేనప్పుడు ఎన్.ఓ. తెరచి వుంటుంది, పంపు నడవదు. బోర్డుకు కరెంటు పోయినా, తీగ వూడినా పంపు ఆగిపోతుంది. ఎన్.సి.కి కలిపితే కథ తారుమారు. బోర్డు చచ్చిపోతే పంపు నడుస్తూనే వుంటుంది. పనివాడు రానినాడు తూము మూసి వుండాలా, తెరచి వుండాలా అని మీరే ఆలోచించుకోండి.

తీగలు కలపడం ఇంతే. ఇక ప్రోగ్రాం. ప్రోగ్రాం అంటే భయపడనక్కర లేదు. వరుసగా రాసిన ఉత్తరువుల చిట్టా అది. ఆర్డువినో వారి సాఫ్టువేరును కంప్యూటరులో ఉచితంగా దించుకోవచ్చును. ఉత్తరువులు ఇంగ్లీషు అక్షరాలలో టైపు చేయాలి. చిన్న అక్షరానికీ, పెద్ద అక్షరానికీ తేడా పాటించాలి. మన వాక్యం చివర చుక్క పెట్టినట్లు, ప్రతి ఉత్తరువు చివర సెమికోలన్ పెట్టాలి. టైపు చేయడం పిల్లల పని. ఏమి చెప్పాలో నిర్ణయించడం మాత్రం మడి సంగతి తెలిసిన మీ పని.

ప్రతి ప్రోగ్రాంలో రెండు భాగాలుంటవి. మొదటి దాని పేరు సెటప్. కరెంటు రాగానే ఒక్కసారి జరిగే పని. పొలం పోయేముందు సద్ది కట్టుకుని, పార భుజాన వేసుకోవడం వంటిది. రెండవదాని పేరు లూప్. మోటకు కట్టిన ఎద్దులు కిందికి పోయి, వెనక్కి వచ్చి, మళ్ళీ కిందికి పోయినట్లు, ఈ భాగం మొదటి నుండి చివరకు, మళ్ళీ మొదటికి తిరుగుతూనే వుంటుంది. కరెంటు వున్నంతవరకు ఆగదు.

మొదటి రోజు పంపు జోలికి పోకుండా దీపంతో మొదలుపెట్టండి. 13వ పిన్నుకు తగిలించిన చిన్న దీపం బోర్డు మీదనే వుంటుంది. దానిని ఒక సెకను వెలిగించు, ఒక సెకను ఆర్పు అని రాయాలి. బోర్డుకు సెకను అంటే 1000 మిల్లీ సెకనులు. సాఫ్టువేరులో బోర్డు పేరు ఊనో అనీ, అది తగిలించిన పోర్టు ఏదనీ ఎంచుకుని, బాణపు గుర్తు నొక్కితే ఉత్తరువులు బోర్డులోకి ఎక్కుతవి. దీపం మిణుకుమంటే తీగ మంచిది, బోర్డు మంచిది, పద్ధతి మంచిది అని అర్థం. పోర్టు కనబడకపోతే, ముందు వేరొక తీగ పెట్టి చూడండి. కొన్ని ఫోను తీగలలో ఛార్జింగుకు పనికివచ్చే తీగలే తప్ప మాట పోయే తీగలుండవు. తీగ మార్చినా కనబడకపోతే, ఆ బోర్డుకు కావలసిన డ్రైవరు కంప్యూటరులో లేదేమో చూడాలి.

రెండవ రోజు అంకెలు చూడండి. ఏ0ను చదివి, ఆ అంకెను కంప్యూటరు తెర మీద చూపు అనేది ఉత్తరువు. సెన్సరును గాలిలో పట్టుకున్నప్పుడు వచ్చిన అంకె రాసుకోండి. గీత దాకా గ్లాసు నీటిలో ముంచి వచ్చిన అంకె రాసుకోండి. ఉదాహరణకు గాలిలో 590, నీటిలో 280 వచ్చిందనుకుందాం. మీ సెన్సరుకు ఇవే అంకెలు రావు. ఒకే దుకాణంలో కొన్న రెండు సెన్సర్లకు కూడా ఒకే అంకె రాదు. కనుక నా అంకెలు మీరు రాసుకోవద్దు. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఈ రకం సెన్సరులో ఎండితే అంకె పెరుగుతుంది, తడిస్తే తగ్గుతుంది.

మూడవ రోజు నుండి అసలు పని. దీనికి కంప్యూటరు కంటె మీ చేయి ముఖ్యం. మీ నారుమడి మట్టినే ఒక కుండీలో నింపి, సెన్సరు గుచ్చి, నిండా నీరు పోయండి. ఎక్కువ నీరు కారిపోయిన తరువాత అంకె రాయండి. ఆపైన రోజూ ఉదయం, సాయంత్రం అంకె చూస్తూ, పక్కనే పిడికెడు మట్టి తీసి గట్టిగా పిసకండి. ఉండ కట్టి, అరచేయి తడి అవుతున్నదా? ఉండ కట్టి, చేయి పొడిగా వున్నదా? ఉండ కట్టకుండా రాలిపోతున్నదా? అంకె పక్కన ఈ మాట కూడా రాయండి. ఇప్పుడు నీరు పెట్టాలి అని మీ చేతికి ఎప్పుడు తోచిందో, ఆ వేళ వున్న అంకెయే బోర్డుకు మీరు చెప్పవలసిన అంకె. చల్క నేలలో ఒక అంకె వస్తుంది, నల్లరేగడిలో మరొకటి వస్తుంది. మీ తాతల నాటి నుండి చేతిలో వున్న తెలివిని అంకెగా మార్చి బోర్డుకు అప్పగిస్తున్నారు. ఆ తెలివి మీ దగ్గర లేకపోతే బోర్డు దగ్గరా వుండదు.

నల్లరేగడి రైతులు ఒక విషయం జాగ్రత్తగా వినాలి. ఆ నేల ఎండితే పగుళ్ళిస్తుంది. సెన్సరు పక్కనే పగులు వస్తే పలక చుట్టూ గాలి చేరుతుంది. చుట్టూ మట్టి తడిగా వున్నా, బోర్డుకు మాత్రం ఎండిపోయినట్లే అంకె వస్తుంది. అందుకని సెన్సరును గుచ్చిన తరువాత చుట్టూ మట్టిని వేళ్ళతో నొక్కి, రెండు మూడు రోజుల కొకసారి చూసుకుంటూ వుండాలి.

మడిలో సెన్సరును ఎక్కడ గుచ్చాలి? మిరప నారుమడిని సాధారణంగా 1 మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు చేస్తాము. ఈ పలక సుమారు 10 సెంటీమీటర్లు వుంటుంది. మడి ఎత్తులో చక్కగా సరిపోతుంది. మడి అంచున త్వరగా ఎండుతుంది, నీటిపైపు రంధ్రం కింద ఎప్పుడూ తడిగా వుంటుంది. ఈ రెండు చోట్లూ వదలి, వరుసల నడుమ గుచ్చండి. ప్రోట్రేలలో నారు పెంచేవారికి ఈ పలక పొడవు పనికి రాదు. వారు ముందు కుండీలో నేర్చుకోవచ్చును.

ఇప్పుడు బోర్డుకు చెప్పవలసిన మాటలు. నీరు పెట్టవలసిన అంకె 480 అనీ, చాలినంత తడిసిన అంకె 400 అనీ అనుకుందాం. “480 దాటితే పంపు నడుపు, 480 లోపల ఆపు” అని ఒకే అంకె చెబితే ఏమవుతుంది? అంకె 479, 481 మధ్య ఊగుతూ వుంటుంది. రిలే టకటకమని కొట్టుకుంటుంది. పంపూ పాడవుతుంది, రిలే కూడా పాడవుతుంది. అందుకే నడపడానికి ఒక అంకె, ఆపడానికి మరొక అంకె. ఒక్క కొలతను నమ్మకుండా పదిసార్లు చదివి, సగటు తీయమని కూడా చెప్పండి.

దీనితో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాలేదు. ఒక్కసారి ఆలోచించండి. ఎలుక తీగ కొరికింది, లేదా కోడి కాలు తగిలి సెన్సరు మడిలోనుండి వూడి వచ్చింది. బోర్డుకు గాలి అంకె వస్తుంది. మడి ఎండిపోయిందని పంపు నడుపుతుంది. ఎంత నీరు పోసినా గాలిలో వున్న సెన్సరు తడవదు. పంపు ఆగదు. మీరు పెండ్లికి పోయి సాయంత్రం వచ్చేసరికి మడి చెరువవుతుంది. నారుమడిలో నీరు నిలిస్తే నారుకుళ్ళు తెగులు వస్తుంది. మొదళ్ళు మెత్తబడి, నిలువునా వున్న నారు గుంపులు గుంపులుగా పడిపోతుంది. ఆరు వారాలు పెంచవలసిన నారు రెండు మూడు రోజుల్లో పోతుంది. విత్తనం ఖర్చు ఒక ఎత్తు, అదను తప్పడం మరొక ఎత్తు. కనుక నీరు పెట్టడం నేర్పినంత శ్రద్ధగా, అనుమానం వచ్చినప్పుడు ఆగిపోవడం కూడా నేర్పాలి.

దానికి నాలుగు కట్టడులు చెబుతాను.

మొదటిది, కాలం కట్టడి. మడికి ఒక తడికి ఎంత నీరు కావాలో కొలిచి, ఆ నీటిని పంపు ఎన్ని నిమిషాల్లో పోస్తుందో బకెట్టు, గడియారం పెట్టి చూడండి. 3 నిమిషాలు పట్టిందనుకోండి. అంకె ఏమి చెప్పినా సరే, 3 నిమిషాలు కాగానే పంపు ఆపు అని రాయండి. తరువాత 30 నిమిషాలు నీరు ఇంకనిచ్చి, అప్పుడు మళ్ళీ చూడమనండి. నీరు పైన పడగానే సెన్సరుకు తెలియదు గదా.

రెండవది, లెక్క కట్టడి. నీరు పెట్టిన తరువాత అంకె తగ్గిందా లేదా చూడమనండి. వరుసగా మూడుసార్లు పెట్టినా అంకె తగ్గలేదంటే నీరు మడికి చేరడం లేదు, లేదా సెన్సరు మడిలో లేదు. అప్పుడు పంపు పూర్తిగా ఆపి, దీపం మిణుకుమనిపిస్తూ మనిషి కోసం వేచి వుండమనండి.

మూడవది, హద్దు కట్టడి. మీరు గాలిలో, నీటిలో చూసి రాసుకున్న రెండు అంకెల నడుమనే మట్టి అంకె వుండాలి. ఆ హద్దులు దాటిన అంకె వస్తే అది మట్టి మాట కాదు, పంపు నడపవద్దు అని రాయండి. అయితే ఏ0 తీగ తెగితే అంకె ఎటుబడితే అటు తిరుగుతుంది. ఒక్కొక్కసారి హద్దుల లోపలే కనబడవచ్చు. కనుక ఈ కట్టడిని ఒక్కదాన్నే నమ్ముకోకండి. మొదటి రెండూ వుండి తీరాలి.

నాలుగవ కట్టడికి ప్రోగ్రాం అక్కర లేదు. పంపు పెట్టిన తొట్టిలో ఒక రోజుకు సరిపడు నీరు మాత్రమే పోసి వుంచండి. ప్రోగ్రాం తప్పినా, బోర్డు చెడినా, తొట్టిలోని నీటికంటె ఎక్కువ మడిలో పడదు. తొట్టి ఖాళీ అయితే పంపు వట్టిగా తిరగవచ్చును. దానిని 3 నిమిషాల కట్టడి కాపాడుతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బోర్డును ఫోను ఛార్జరుతో నడుపుతున్నామనుకోండి. కరెంటు పోతే ప్రోగ్రాం చెరిగిపోదు. కాని ఎన్నిసార్లు నీరు పెట్టిందో, ఎప్పుడు పెట్టిందో ఆ లెక్క మరచిపోతుంది. కరెంటు రాగానే మళ్ళీ సెటప్ నుండి మొదలవుతుంది. ఒక్క పూటలో కరెంటు పదిసార్లు పోయి వస్తే పదిసార్లు కొత్త మనిషే. అందుకే సెటప్‌లో మొదటి ఉత్తరువు పంపు మూసి వుంచు అనీ, రెండవది 5 నిమిషాలు ఆగు అనీ వుండాలి. అట్లా రాయకపోతే, మనం తీసివేసిన ఆటో స్టార్టరునే మళ్ళీ పెరటిలో పెట్టుకున్నట్లు. చాలా రిలేలు తిరకాసుగా పనిచేస్తవి. పిన్నుకు లో అంటే నడుస్తవి, హై అంటే ఆగుతవి. మీ రిలే ఏ రకమో పంపు కలపకముందే, టక్కుమనే చప్పుడు, దాని మీది దీపం చూసి తెలుసుకోండి. తిరకాసు రకమైతే, ముందు 7వ పిన్నుకు హై అని చెప్పి, తరువాతనే దానిని ఔట్‌పుట్ అనండి. లేకపోతే కరెంటు వచ్చిన ప్రతిసారీ పంపు ఒక్క క్షణం వులిక్కిపడుతుంది.

ఈ బోర్డులో గడియారం లేదు. ఉదయమో, రాత్రో దానికి తెలియదు. రాత్రిపూట నారు తడిసి వుండడం మంచిది కాదు. దీనికి పెద్ద ఉపాయం అక్కర లేదు. సాయంత్రం ప్లగ్గు తీసివేసి, ఉదయం పెట్టండి. ప్లగ్గు పెట్టడానికైనా ఇంట్లో ఒకరు రోజూ మడి దగ్గరకు పోతారు. తొట్టి నింపి, సెన్సరు కదిలిందేమో చూసి, నారును కన్నారా చూసి వస్తారు. యజమాని అడుగు పడని మడికి ఏ యంత్రమూ మేలు చేయలేదు.

ఇక మీరు తప్పక పాటించవలసిన మాట. ఇది చిన్న పంపుకు, 12 వోల్టుల బ్యాటరీకి చెప్పిన పద్ధతి. రిలే మీద 250 వోల్టులు, 10 ఆంపియర్లు అని అచ్చువేసి వుంటుంది. అది చూసి ఇంటి 230 వోల్టుల మోటారుకు గాని, బోరు దగ్గరి మూడు ఫేజుల మోటారుకు గాని దీనిని కలపవద్దు. మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికంటె ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. రిలే లోపలి ముక్కలు అతుక్కుపోతే, బోర్డు ఆపు అన్నా మోటారు ఆగదు. పైగా రిలే అడుగున టాంకా వేసిన చోట్లన్నీ కప్పు లేకుండా వుంటవి. తడి నేల, ఉత్త కాళ్ళు, కప్పులేని తీగ, ఈ మూడూ ఒకచోట చేరితే ప్రాణం పోతుంది. మూడు ఫేజుల మోటారుకు కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, ఫేజు పోతే ఆపే సాధనం వుండాలి. అది లైసెన్సు వున్న ఎలక్ట్రీషియన్ పని. నారుమడి దగ్గర నేర్చుకున్న తెలివిని బావి గట్టు మీద పరీక్షించవద్దు.

గ్రామాలలో పనిచేసే నా తోటి విస్తరణాధికారులకు ఒక మనవి. దీనిని వింత వస్తువుగా చూపించి చప్పట్లు కొట్టించవద్దు. పక్కపక్కనే రెండు చిన్న మడులు వేయించండి. ఒకే విత్తనం, ఒకే మట్టి, ఒకే రోజు విత్తడం. ఒకదానికి ఇంటివారు ఎప్పటివలె రోజ్‌క్యానుతో నీరు పోస్తారు. రెండవదానికి బోర్డు పోస్తుంది. రోజుకు ఎన్ని లీటర్లు పోసిందీ, ఎంత నారు నిలిచిందీ నోటుబుక్కులో రాయించండి. చేతి మడియే బాగుంటే, ఆ మాటే రైతులకు చెప్పండి. మీ ప్రాంతంలోని బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ వుంటే, అక్కడి ఉపాధ్యాయులను కలవండి. 2016లో మొదలైన పథకం కింద నెలకొల్పిన ఆ ల్యాబులలో ఇటువంటి బోర్డులతో పిల్లలు పని నేర్చుకుంటారు. పిల్లలకు తీగలు కలపడం తెలుసు, రైతుకు మట్టి తెలుసు. ఇద్దరినీ ఒక మడి దగ్గర కూర్చోబెట్టడమే మన పని.

రైతు సోదరులారా, చెప్పినది క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. ముందు దీపం, తరువాత అంకెలు, ఆ తరువాత కుండీ, చివరకు మడి. పంపు తీగ ఎన్.ఓ.కే. నడపడానికి ఒక అంకె, ఆపడానికి మరొక అంకె. ఒక తడికి ఒక కాల పరిమితి. మూడుసార్లు ఫలితం లేకపోతే ఆగిపోవడం. తొట్టిలో ఒక రోజు నీరే. పెద్ద కరెంటు జోలికి పోకపోవడం.

ఈ బోర్డు చెప్పినది చెప్పినట్లు చేసే పనివాడు. “ఇంక చాలునేమో అయ్యా” అని తనంతట తాను అనడు. ఆ మాట మనమే ముందుగా ఆలోచించి, దాని చేత పలికించాలి. అట్లా పలికించగలిగిన రైతు పెరటిలో నీరు వృథా కాదు, నారు కుళ్ళదు. సందేహాలుంటే మీ వ్యవసాయ విస్తరణాధికారిని కలుసుకోండి. ఇంటి పిల్లలను కూడా వెంట తీసుకు రండి.